తిరుపతి ఎండకు ఏ రెటికిల్? బెంచ్‌రెస్ట్ స్కోపుల్లోని గీతలు, చుక్కలపై సమీక్ష

స్కోపు కొనబోయేవాళ్లు ముందు అడిగేది జూమ్ ఎంత అని. ఆ తర్వాత ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లు, ఏ కంపెనీ, ఎంతకిస్తారు. లోపల కనిపించే గీతల, చుక్కల సంగతి, అంటే రెటికిల్ సంగతి, చివర్లో, డబ్బు కట్టేముందు, ఏదో ఒకటిలే అన్నట్టు తేలిపోతుంది. చేత్తో పట్టుకుని కాల్చే రైఫిల్‌కైతే అలా నడిచిపోతుంది. బెంచ్‌రెస్ట్‌లో నడవదు. ఇక్కడ రైఫిల్ ముందు భాగం రెస్టు మీద, వెనక భాగం ఇసుక సంచి మీద కూర్చుని ఉంటుంది. చేతి వణుకూ ఊపిరీ దానికి అందవు. అయినా గ్రూపు, అంటే కాగితం మీద రంధ్రాల గుంపు, చెదిరిందంటే తప్పు రైఫిల్‌దో పెల్లెట్‌దో అయ్యుండాలి, గాలిది అయ్యుండాలి, లేదా ప్రతిసారీ ఒకేచోట గురిపెట్టామనుకుని అర మిల్లీమీటరు అటో ఇటో పెట్టడం వల్ల అయ్యుండాలి. ఆ చివరిదాన్ని తగ్గించేది రెటికిలే.

ఈ సమీక్ష రెండు రకాల వాళ్లకు. తోపులోనో పొలంలోనో మట్టికట్ట అడ్డం పెట్టుకుని 25 మీటర్లకు 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్ కాల్చేవాళ్లు మొదటివాళ్లు. 2016 ఆయుధ నియమాల ప్రకారం ఆ బోరులో 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు కాబట్టి తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఎక్కువమంది వీళ్లే. లైసెన్సు తీసుకుని, రేంజ్‌కు వెళ్లి 50 మీటర్లకు పాయింట్ టూటూ (.22 బోరు రైఫిల్) కాల్చేవాళ్లు రెండో రకం. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) ఎయిర్ రైఫిల్, 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో టెలిస్కోపుకు అనుమతి లేదు. అందుకని క్లబ్బులో కోచ్‌ను అడిగితే చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైటు గురించి గంటసేపు చెప్పగలరు గానీ, స్కోపు రెటికిల్ అనేసరికి ఎవరి తంటా వాళ్లు పడాల్సిందే.

ముందు లెక్క

ఒక ఎమ్‌ఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. 100 మీటర్ల దగ్గర అది 29.1 మి.మీ., 50 దగ్గర 14.5, 25 దగ్గర 7.3. బెంచ్‌రెస్ట్ స్కోపుల్లో మామూలుగా వినిపించే 1/8 ఎమ్‌ఓఏ చుక్క 50 మీటర్ల కాగితం మీద 1.8 మి.మీ., 25 మీటర్ల దగ్గర 0.9 మి.మీ. మేర కప్పేస్తుంది. పాయింట్ టూటూ గుండు వెడల్పు 5.6 మి.మీ., పెల్లెట్ 4.5. ఈ అంకెలు పక్కన పెట్టుకుని చూస్తే 1/8 చుక్క చిన్నదేననిపిస్తుంది. మెలిక ఇక్కడే ఉంది.

బెంచ్‌రెస్ట్ స్కోపులు దాదాపు అన్నీ సెకండ్ ఫోకల్ ప్లేన్‌వి. జూమ్ తిప్పితే టార్గెట్ పెరుగుతుంది, తరుగుతుంది. రెటికిల్ మాత్రం కంటికి ఎప్పుడూ ఒకే సైజులో కనిపిస్తుంది. కాబట్టి 36 రెట్ల దగ్గర 1/8 ఉన్న చుక్క, జూమ్ 24కు దించగానే 0.19 ఎమ్‌ఓఏ అవుతుంది. 50 మీటర్ల దగ్గర 2.7 మి.మీ. ఇంకా దించి 18 దగ్గర పెడితే 1/4 ఎమ్‌ఓఏ, అంటే 3.6 మి.మీ. పెట్టె మీద రాసిన 1/8 అన్న మాట ఒకే ఒక్క జూమ్‌కు నిజం, సాధారణంగా చిట్టచివరి జూమ్‌కు. ఆ జూమ్‌లో మన ఎండలో కాల్చగలిగేది రోజుకు ఎంతసేపన్నది వేరే ప్రశ్న.

అందుకని పట్టికలో అంకె కన్నా పనికొచ్చే అంకె ఇంకొకటుంది. ఎమ్‌ఓఏ సైజును, అది ఏ జూమ్ దగ్గర చెప్పారో ఆ జూమ్‌తో గుణించండి. 1/8 ను 36తో గుణిస్తే 4.5. అది కంటికి కనిపించే సైజు, ఆర్క్ మినిట్లలో (ఎమ్‌ఓఏ కూడా ఇదే కొలత). మామూలు కన్ను విడదీసి చూడగలిగేది సుమారు ఒక ఆర్క్ మినిట్. మసక వెలుతురులో, బూడిదరంగు కాగితం మీద ఇబ్బంది లేకుండా కనిపించాలంటే 3 నుంచి 4.5 మధ్య ఉంటే హాయి. 2 దగ్గరికి వస్తే వెతుక్కోవాలి. 6 దాటితే మోటు. ఈ అంకెను మీరు నిజంగా వాడే జూమ్‌తో భాగిస్తే కాగితం మీద ఎంత కప్పుతుందో వస్తుంది. రెండు స్కోపుల మధ్య ఎటూ తేలక ఊగుతున్నప్పుడు ఈ రెండు లెక్కలు వేస్తే చాలు, ప్రకటనల్లోని పొగడ్తలు చదవనక్కర్లేదు.

1/16 చుక్క సంగతి ఈ లెక్కతోనే తేలిపోతుంది. 36 రెట్ల స్కోపులో అది 2.25. ఎండపడ్డ తెల్ల కాగితం మీద సూదిమొనలా బ్రహ్మాండంగా ఉంటుంది, మామిడి నీడలోకి వచ్చేసరికి మాయం. అదే 1/16 చుక్క 60 రెట్ల దగ్గర చెప్పినదైతే 3.75, నీడలోనూ కనిపిస్తుంది. రెండింటినీ 24 రెట్లలో పెట్టి చూస్తే మొదటిది 50 మీటర్ల దగ్గర 1.4 మి.మీ., రెండోది 2.3 మి.మీ. కప్పుతాయి. పేరు ఒకటే, సరుకు వేరు.

మన దగ్గర వెలుతురు, వేడి

తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు ఎర్రమట్టి మిట్టల మీద మార్చి నుంచి జూన్ దాకా పొద్దున తొమ్మిది దాటితే నేల వేడెక్కి మిరాజ్ మొదలవుతుంది. నేలను అంటిన గాలిపొర ఒక సాంద్రతలో, పైది ఇంకో సాంద్రతలో ఉండి వెలుతురును వంచుతాయి. స్కోపులో టార్గెట్ మరుగుతున్న నీళ్ల అడుగున ఉన్నట్టు కదులుతుంది. రెటికిల్ స్కోపు లోపలిది కాబట్టి అది నిక్కచ్చిగా నిలబడే ఉంటుంది. దాని వెనక బొమ్మ మాత్రం ఒకచోట నిలవదు. జూమ్ పెంచితే ఆ కదలికా అంతే పెరుగుతుంది. పొద్దున ఏడింటికి 36లో 10.4 మి.మీ. పది రింగు అంచు గీసినట్టు కనిపిస్తుంది. పదిన్నరకు అదే రింగు ఒకసారి కోడిగుడ్డు ఆకారం, ఒకసారి పైకి సాగిన మరక. అప్పుడు 24కో 20కో దించక తప్పదు. సిమెంటు గచ్చు మీదుగా కాలిస్తే ఇంకా ముందే మొదలవుతుంది. పచ్చగడ్డి మీదుగా అయితే కాస్త ఆలస్యం. పలమనేరు, మదనపల్లె ఎత్తు ప్రాంతాల్లో ఇంకో గంట కలిసొస్తుంది.

మామిడి తోపులో కథ వేరు. నేల చల్లగా ఉంటుంది, మిరాజ్ పెద్దగా ఉండదు. కానీ ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు టార్గెట్ మీద తిరుగుతుంటాయి. సగం కాగితం వెలుగులో, సగం నీడలో. సన్నగీతలు వెలుగులో కనిపించి నీడలో తెగిపోయినట్టుంటాయి. టార్గెట్‌ను పూర్తిగా నీడలో పెట్టండి, లేదా చెట్ల వరస దాటించి పూర్తిగా ఎండలో పెట్టండి. సగం సగం మాత్రం వద్దు. ఇది రెటికిల్ తప్పు కాకపోయినా రెటికిల్ మీదే నింద పడుతుంటుంది.

కాబట్టి ఇక్కడ రెటికిల్ ఎంచుకోవాల్సింది చివరి జూమ్‌కు కాదు, 24 చుట్టుపక్కలకు. 36 రెట్ల ఫిక్స్‌డ్ స్కోపు కొంటే వేసవిలో రోజుకు రెండు గంటలే మీవి, మిగతా సమయం చూస్తూ కూర్చోవాలి. ఫిక్స్‌డ్ స్కోపులు తేలిక, లోపల కదిలే భాగాలు తక్కువ, గురి జరగడమూ తక్కువ, అందుకే రైఫిల్‌కు 10.5 పౌన్ల బరువు హద్దున్న లైట్ వార్మింట్ అనే పోటీ తరగతిలో వాటికి అంత పేరు. మన వాతావరణానికి మాత్రం జూమ్ ఉన్నదే మేలు.

ఒక్కోటి ఎలా పనిచేస్తుందంటే

తక్కువ ధర స్కోపుల్లో వచ్చేది డ్యూప్లెక్స్: అంచుల్లో లావు, మధ్యలో సన్నం. మధ్యగీత అర ఎమ్‌ఓఏ ఉందనుకుందాం. 50 మీటర్ల దగ్గర 7.3 మి.మీ. గుండు రంధ్రం కన్నా గీతే లావు. కాల్చిన రంధ్రం గీత వెనకే దాక్కుంటుంది. బెంచ్‌రెస్ట్‌కు పనికిరాదు, ఇంతకు మించి చెప్పడానికీ ఏమీ లేదు.

దానికి అవతలి కొస ఈమధ్య ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా కనిపించే ఫస్ట్ ఫోకల్ ప్లేన్ (జూమ్‌తో పాటు రెటికిల్ కూడా పెరిగే రకం) చెట్టు రెటికిల్. మధ్య నుంచి కిందికి అంకెలు, చుక్కలు, కొమ్మలు. గీత లావన్నది దీని మీద సరైన ఫిర్యాదు కాదు. 0.04 మిల్ (మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు) గీత 50 మీటర్ల దగ్గర 2 మి.మీ. మాత్రమే, జూమ్ మార్చినా అదే ఉంటుంది. అది దీని గుణమే. ఇబ్బంది ఇంకోచోట. 50 రెట్లకు పెంచితే ఆ గీత కంటికి 7 ఆర్క్ మినిట్ల తాడులా అవుతుంది. 6 రెట్లకు దించితే ఒక మినిట్ కూడా ఉండక కరిగిపోతుంది. పైగా తెలిసిన దూరంలో, ఒకే ఎత్తులో ఉన్న టార్గెట్ మీద కాల్చేవాడికి కింది కొమ్మలతో పనేం లేదు. ఒకే కాగితం మీద పాతిక బుల్స్ (గురిపెట్టే గుర్తులు) ఉన్నప్పుడు కింది వరసలోని బుల్స్ సరిగ్గా ఆ కొమ్మల్లో చిక్కుకుంటాయి. దూరం మారుస్తూ కాల్చే ఆటలకు మంచిది. దీనికి కాదు.

నిలువూ అడ్డమూ ఒకే మందంలో సాగే ఫైన్ క్రాస్‌హెయిర్ పాతకాలపుది. వీవర్ టి-36, సైట్రాన్ 36x42 లాంటివి చుక్కతోనూ, ఫైన్ క్రాస్‌హెయిర్‌తోనూ వచ్చాయి. దీని బలం మిరాజ్‌లో తెలుస్తుంది. బుల్ అంచులు మరుగుతున్నప్పుడు చుక్కకు ఆనిక ఉండదు, ఎటువైపు తెలుపు ఎక్కువుందో కన్ను తేల్చుకోలేదు. గీతలైతే బుల్ దాటి బయటి దాకా సాగుతాయి కాబట్టి, కన్ను బుల్‌ను నాలుగు ముక్కలుగా కోసి ముక్కలు సమానమో కాదో చూస్తుంది. అంచు కదులుతున్నా సగటు దొరుకుతుంది. ఐఎస్‌ఎస్‌ఎఫ్ 50 మీటర్ల కాగితం లాంటి పెద్ద నల్ల బుల్ మీద కూడా ఇదే గతి. 112.4 మి.మీ. నలుపులో నల్ల చుక్క ఎక్కడుందో దేవుడికెరుక. గీతలు మాత్రం తెల్లటి భాగంలోకి వచ్చి కనిపిస్తాయి. లోపం ఏమిటంటే గీతలు కలిసే చోట కచ్చితమైన నడుమ ఏదో కన్ను ఊహించుకోవాలి. చల్లటి పొద్దున, కదలని బొమ్మ మీద, చుక్క ఇచ్చే నిక్కచ్చితనం ఇది ఇవ్వదు.

సన్నటి గీతల మీద 1/8 చుక్క ఉన్న రెటికిల్‌నే ఎక్కువమంది బెంచ్‌రెస్ట్ రెటికిల్ అంటారు. వీవర్ టి-36లో, లియుపోల్డ్ 45x45 కాంపిటీషన్‌లో ఇది ఉండేది. 50 మీటర్ల పాయింట్ టూటూకు, సరిపడే టార్గెట్ ఉంటే, కింద చెప్పబోయే తేలే చుక్కను పక్కన పెడితే, దీన్ని మించింది లేదనే మా మాట. గీతలు దారి చూపిస్తాయి, చుక్క నడుమను చూపిస్తుంది. 24 రెట్లలో కూడా 2.7 మి.మీ.లోనే ఉంటుంది, గుండు రంధ్రంలో సగం కన్నా తక్కువ. 25 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు 1.4 మి.మీ. అదీ చాలు.

అంతకన్నా చిన్న చుక్కలు మార్చ్ లాంటి జపాన్ స్కోపుల్లో దొరుకుతాయి. జూమ్ 60 దాకా ఉన్న స్కోపుకు అవి తగినవే. 100, 200 గజాల సెంటర్‌ఫైర్ గ్రూపు పోటీల కోసం పుట్టినవి. 25 మీటర్ల తోపు కోసం అంత డబ్బు పోయడం దండగ.

నైట్‌ఫోర్స్ డీడీఆర్-2 లాంటి రెండు చుక్కల రెటికిల్ ఆలోచన తెలివైనది. పై చుక్కకు ఒక దూరం, కింది చుక్కకు ఇంకో దూరం కుదుర్చుకుంటే టరెట్ (క్లిక్కు క్లిక్కుగా గురి జరిపే చక్రం) ముట్టుకోకుండా రెండు దూరాలకూ కాల్చొచ్చు. కానీ అది సెకండ్ ఫోకల్ ప్లేన్ కాబట్టి రెండు చుక్కల మధ్య ఎడం జూమ్‌తో మారిపోతుంది. కుదుర్చుకున్న జూమ్ ఎంతో అక్కడే ఉండాలి. మిరాజ్ వచ్చిందని 40 నుంచి 24కు దించితే కింది చుక్క అబద్ధం చెబుతుంది. ఒకే దూరంలో కాల్చేవాళ్లకు రెండో చుక్క అనవసరం; ఒక్కోసారి ఆదమరిచి దాన్నే గురిపెట్టే ప్రమాదం కూడా.

ఇక మిగిలింది ఈ సమీక్షలో మొదటి మార్కు మేమిచ్చేది: మధ్యలో విడిగా తేలే చుక్క, దాని చుట్టూ కాస్త ఖాళీ, ఖాళీ తర్వాత సన్నగీతలు, అడ్డగీత మీద మాత్రమే ఎమ్‌ఓఏకో అర ఎమ్‌ఓఏకో ఒక చిన్న గాటు. తేలే చుక్క అద్దం మీద చెక్కిన రెటికిల్‌లోనే సాధ్యం. తీగ రెటికిల్‌లో చుక్క దేన్నో ఒకదాన్ని పట్టుకునే ఉండాలి. చుక్క చుట్టూ ఖాళీ ఉండటం వల్ల బుల్ మధ్యలో ఏముందో గీతలు అడ్డు రాకుండా కనిపిస్తుంది. మిరాజ్‌లో బయటి గీతలు క్రాస్‌హెయిర్ పని కొంత చేసిపెడతాయి. గాట్లు గాలికి. గంటకు 16 కిలోమీటర్ల పక్కగాలి స్టాండర్డ్ వెలాసిటీ పాయింట్ టూటూ గుండును 50 మీటర్లలో రెండు సెంటీమీటర్లు దాటి నెడుతుంది, అంటే ఒకటిన్నర ఎమ్‌ఓఏ చుట్టుపక్కల. శేషాచలం కొండల కింద గాలి ఒకవైపే వీచదు, తిరుగుతుంది. జెండా అటూఇటూ అయినప్పుడల్లా టరెట్ తిప్పుతూ కూర్చుంటే క్లిక్కుల లెక్క తప్పుతుంది. గాటు పట్టుకుని పక్కకు గురిపెట్టడమే పద్ధతి.

ఇక్కడ కూడా జూమ్ దెబ్బ గుర్తుంచుకోవాలి. 36 దగ్గర ఒక ఎమ్‌ఓఏ ఉన్న గాటు 24 దగ్గర ఒకటిన్నర. కాగితం మీద 14.5 మి.మీ. అనుకున్నది నిజానికి 21.8. గాలిని సరిగ్గా చదివి, గాటును తప్పు చదివి, గుండు అవతలికి పోతే తిట్టేది గాలినే.

టార్గెట్ కూడా రెటికిల్‌లో సగం

రెటికిల్‌కు సరిపడని కాగితం ముందు ఎంత ఖరీదైన స్కోపైనా గుడ్డిదే. చుక్క రెటికిల్‌కు నల్ల బుల్ పెట్టొద్దు. నల్ల రింగు లోపల తెల్ల వృత్తం ఉండాలి, ఆ వృత్తం వ్యాసం చుక్కకు రెండింతలు ఉండాలి. 24 రెట్లలో 50 మీటర్లకు చుక్క 2.7 మి.మీ. అయితే తెలుపు 5.5 మి.మీ. 25 మీటర్లకు 2.75 మి.మీ. రెండింతలే ఎందుకంటే, చుక్క చుట్టూ మిగిలే తెల్లటి వలయం కూడా కంటికి రెండు ఆర్క్ మినిట్లకు పైగా కనిపించాలి. వృత్తాన్ని 4 మి.మీ.కి కుదిస్తే వలయం ఒక మినిట్‌కు పడిపోయి అసలు కనిపించదు. మరీ పెద్దది చేస్తే వలయం సమానంగా ఉందో లేదో కన్ను పట్టలేదు. క్రాస్‌హెయిర్‌కైతే గుండ్రటి బుల్ కన్నా పన్నెండు మి.మీ. చతురస్రం సుఖం, నాలుగు మూలల్లో నాలుగు చిన్న చతురస్రాలు సమానమయ్యాయా అని చూసుకోవచ్చు.

యూనివర్సిటీ దగ్గర జిరాక్సు షాపుల్లో ప్రింటు తీయిస్తే ఒక జాగ్రత్త. ఫిట్ టు పేజ్ పెట్టి కొడితే కాగితం మొత్తం కాస్త కుంచించుకుపోతుంది. ఫైల్‌లో ఒక మూల 100 మి.మీ. గీత పెట్టుకుని, ప్రింటు మీద స్కేలుతో కొలిచి, సరిగ్గా ఉంటేనే మిగతావి కొట్టించండి. మామూలు 70 జీఎస్‌ఎమ్ కాగితం పెల్లెట్ తగిలినచోట చిరిగి రంధ్రం కొలతకు అందదు. 170 జీఎస్‌ఎమ్‌కు పైబడిన కార్డు అయితే అంచు తెగినట్టు వస్తుంది. నున్నగా మెరిసే కార్డు వద్దు, పొద్దుటి ఏటవాలు ఎండలో మెరుపు చుక్కను మింగేస్తుంది.

చుక్కను మీరే కొలవండి

కంపెనీ పట్టిక మీద, జూమ్ రింగు మీద అంకెల మీద పూర్తి నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. తెల్ల కార్డు మీద 0.5, 1, 1.5, 2, 2.5, 3, 4 మి.మీ. నల్ల వృత్తాలు వరసగా ప్రింటు తీసి, టేపుతో కొలిచిన 25 మీటర్ల దగ్గర అతికించండి. రైఫిల్‌ను రెస్టు మీద పెట్టి, ఒక్కో జూమ్ దగ్గర చుక్క ఏ వృత్తాన్ని సరిగ్గా కప్పుతోందో రాసుకోండి. ఎమ్‌ఓఏ కావాలంటే ఆ మి.మీ.ని 7.27తో భాగించండి. జూమ్ రింగు మీద 24 అని ఉన్నచోట నిజంగా 22 ఉన్నా ఇక్కడ బయటపడుతుంది. గాట్ల ఎడం కూడా స్కేలు పెట్టి ఇలాగే చూడండి. గాట్లు సరిగ్గా ఒక ఎమ్‌ఓఏ అయ్యే చోట, మీరు ఎక్కువగా వాడే చోట, జూమ్ రింగు మీద తెల్ల పెయింట్ పెన్నుతో చిన్న గీత పెట్టేయండి.

అమర్చడంలో తప్పులు

రెటికిల్ మసకగా ఉందన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం స్కోపు కాదు, కంటి దగ్గరి ఫోకస్ కుదరకపోవడం. మొదట స్కోపు పక్కనుండే ఫోకస్ చక్రం తిప్పి టార్గెట్‌ను స్పష్టం చేసుకుని, తర్వాత కంటి దగ్గరి వెనక అద్దం తిప్పడం తలకిందుల పని. ఆకాశం వైపో తెల్ల గోడ వైపో స్కోపు పెట్టి, పక్క చక్రం దూరానికి తిప్పి, రెటికిల్ వైపు రెండు సెకన్లు మాత్రమే చూసి కళ్లు తిప్పేయండి. ఎక్కువసేపు చూస్తే కన్నే సర్దుకుని మోసం చేస్తుంది. చూసిన మొదటి క్షణంలోనే రెటికిల్ నల్లగా తెగినట్టు కనిపించే దాకా వెనక అద్దాన్ని కొద్దికొద్దిగా తిప్పి, అక్కడ బిగించేయండి. ఇక దాన్ని ముట్టుకోవద్దు. ఆ తర్వాతే పక్క చక్రం. అది కూడా బొమ్మ స్పష్టత చూసి కాదు. తలను కొంచెం పైకీ కిందికీ కదిపితే చుక్క టార్గెట్ మీద జరగకుండా ఉండేచోట ఆపాలి. ఆ రెండూ ఒకేచోట కలవకపోతే వెనక అద్దం ఇంకా కుదరలేదన్నమాట.

చుక్క గుండ్రంగా కాక కామాలా, తోకతో కనిపిస్తే తలను పక్కకు వంచి చూడండి. తోక కూడా తిరిగితే లోపం కంటిలో, ఆస్టిగ్మాటిజం. తిరగకపోతే స్కోపులో. క్రాస్‌హెయిర్‌లో నిలువు గీత తేటగా, అడ్డగీత మసకగా ఉండటం కూడా ఇదే. వెనక అద్దం తిప్పితే దూరపు, దగ్గరి చూపు మాత్రమే సరిపోతుంది, ఇది పోదు. కళ్లజోడు పెట్టుకునే కాల్చాలి. ఐ రిలీఫ్ (కంటికీ వెనక అద్దానికీ మధ్య ఉండాల్సిన ఎడం) సరిపోయే స్కోపు తీసుకోవాలి.

రెటికిల్ ఒరిగిపోకుండా 25 మీటర్ల దగ్గర తూకపు గుండు దారం వేలాడదీసి నిలువు గీతను దాని మీదికి తెచ్చుకోండి. ఒక డిగ్రీ ఒరిగితే, పది ఎమ్‌ఓఏ ఎత్తు తిప్పినప్పుడు 0.17 ఎమ్‌ఓఏ పక్కకు పోతుంది. 50 మీటర్ల దగ్గర 2.5 మి.మీ. ఆ కాస్తకే పది కాస్తా తొమ్మిదవుతుంది.

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉన్నవాళ్లకు ఒక మాట. పిస్టన్ ముందుకు పోయి ఆగినప్పుడు రైఫిల్ ముందుకు కూడా కుదుపుతుంది. వెనక్కి తన్నే దెబ్బకే తట్టుకునేలా చేసిన స్కోపుల్లో తీగ రెటికిల్ వదులై తిరిగిపోతుంది, అద్దాలూ కదులుతాయి. ఎయిర్‌గన్‌కు పనికొస్తుందని కంపెనీ రాసిచ్చిన, చెక్కిన రెటికిల్ స్కోపే తీసుకోవాలి. ముందే గాలి నింపి ఉంచే పీసీపీ రైఫిల్‌కు ఈ బాధ లేదు.

వెలిగే రెటికిల్ బెంచ్‌రెస్ట్‌కు పెద్దగా అవసరం లేదు. నల్ల బుల్ మీద తప్పనిసరైతే అన్నిటికన్నా తక్కువ వెలుగులో పెట్టండి. పెంచితే చుక్క చుట్టూ ఎర్రటి మసక పాకి, 1/8 చుక్క రెండింతలు కనిపిస్తుంది.

ఏది తీసుకోవాలి

25 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు: 6-24 లేదా 8-32 జూమ్, సెకండ్ ఫోకల్ ప్లేన్, తేలే చిన్న చుక్క, అడ్డగీత మీద గాట్లు, పది మీటర్ల దాకా ఫోకస్ అయ్యే పక్క చక్రం. కంటికి కనిపించే సైజు 3కు, 4.5కు మధ్య. 50 మీటర్ల పాయింట్ టూటూకు: నైట్‌ఫోర్స్ కాంపిటీషన్ 15-55x52, వోర్టెక్స్ గోల్డెన్ ఈగిల్ 15-60x52 రెండూ 1/8 క్లిక్కుతో, 800 గ్రాముల అటూఇటూ బరువుతో ఈ పనికే చేసినవి. నైట్‌ఫోర్స్ ఫోకస్ 25 గజాల నుంచే మొదలవుతుంది కాబట్టి దాన్నే పది మీటర్ల ఎయిర్ రైఫిల్ మీదికి మార్చుకుందామనుకునేవాళ్లు ఆశ వదులుకోవాలి. వేసవిలో పది తర్వాతే తీరిక దొరికేవాళ్లకు, ఏ స్కోపైనా సరే, చుక్క కన్నా ఫైన్ క్రాస్‌హెయిరే మేలు.

పార్సిల్ రాగానే మూడు చూడండి, మొదటి రెండూ మౌంటు బిగించకముందే. తెల్ల గోడ మీద పెట్టి చూస్తే గీతల పక్కన నల్ల రేణువులు కనిపిస్తున్నాయా. చెక్కిన రెటికిల్ అద్దం ఫోకల్ ప్లేన్‌లోనే ఉంటుంది కాబట్టి దాని మీది ధూళి కణం చుక్కంత నల్లగా కనిపిస్తుంది, తుడవడానికీ వీలుండదు. టరెట్ తిప్పితే చుక్క నిలువు దారం వెంటే కదులుతోందా, పక్కకు జారుతోందా. చివరగా, మౌంటు బిగించాక 50 మీటర్ల దగ్గర పెట్టె పరీక్ష: 1/8 క్లిక్కులు 32 పైకి, 32 కుడికి, 32 కిందికి, 32 ఎడమకి. ప్రతి భుజం 58 మి.మీ. రావాలి, చివరి గుండు మొదటి గుండు రంధ్రంలోకో పక్కనే ఆనుకునో పడాలి. రైఫిల్ గ్రూపు బాగుండి కూడా పెట్టె మూసుకోకపోతే వాపసు గడువు దాటకముందే తిప్పి పంపేయండి.